ఎక్కించుకోవడం చదవడం కాదు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నేను డీఎడ్ రెండో సంవత్సరం విద్యార్థినిని. బోధనాభ్యాసానికి వెళ్లిన ప్రాథమిక పాఠశాల గురించి మీకు రెండుసార్లు రాసిన వినతులకు జవాబు రానందున, అందరి ఎదుటా ఇలా రాస్తున్నాను.

అక్కడ ఐదో తరగతి పిల్లలు బోర్డు మీది పాఠాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. అదే చదవమంటే, 'రాష్ట్రం' వంటి మాటలో రెండు వత్తులు కలిసి రాగానే గొంతు ఆగిపోతుంది. తాను రాసుకున్నదే చదవలేక ఒక పాప తల దించుకోవడం నేను మరచిపోలేకపోతున్నాను. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. దాని గడువు 2026-27.

రోజూ ఒక పీరియడ్‌ను చదవడానికే కేటాయించి, బీరువాలోని కథల పుస్తకాలను పిల్లల చేతికిచ్చి, సొంత మాటల్లో రాయించేలా ఈ విద్యాసంవత్సరంలోనే లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కాబోయే ఉపాధ్యాయురాలు