రక్తపరీక్షలో కనిపించేవి దారిలో ఉన్న కణాలే

సంపాదకులు గారికి,

పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఈమధ్య 'ఇమ్యూనిటీ ప్రొఫైల్' పేరుతో రక్తపరీక్షల ప్యాకేజీల ప్రకటనలు వస్తున్నాయి. లింఫోసైట్ల (రోగక్రిముల్ని గుర్తించి పోరాడే తెల్ల రక్తకణాల) సంఖ్య, ఐజీఏ అనే యాంటీబాడీ మోతాదు చూసి పేగుల రోగనిరోధక శక్తి ఎంతో చెప్పేస్తామని వాటి సారాంశం. రోగనిరోధక శాస్త్రం బోధించేవాళ్లం కాబట్టి, ఆ కొలత ఎందుకు కుదరదో రాయడం మా బాధ్యత అనిపించింది.

శరీరంలోని లింఫోసైట్లలో ఏ క్షణాన చూసినా రక్తంలో ఉండేవి దాదాపు 2 శాతమే. మిగతావి ప్లీహంలో, శోషరస (లింఫ్) గ్రంథుల్లో, ఎముక మజ్జలో, పేగు గోడలో ఉంటాయి. ఒక్కో కణం రక్తంలో గడిపేది సుమారు అరగంట. తర్వాత ఏదో ఒక గ్రంథిలోకి దిగి, అక్కడ తాను గుర్తించగల క్రిమి కోసం పూటో రోజో వెతికి, ఏమీ దొరక్కపోతే శోషరసంలోకి జారి మళ్లీ రక్తానికి చేరుతుంది. ఈ తిరుగుడును ఎలుకల్లో నిరూపించినవారు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన జేమ్స్ గోవన్స్. ఛాతీలోని పెద్ద శోషరస నాళాన్ని, అంటే థొరాసిక్ డక్ట్‌ను బయటికి వదిలేస్తే రక్తంలో లింఫోసైట్లు పడిపోయాయి, ఆ కణాల్నే తిరిగి ఎక్కిస్తే కోలుకున్నాయి. 1964 నాటికి అవి రక్తం నుంచి గ్రంథుల్లోకి ఏ సిరల గుండా దిగుతాయో కూడా తేలింది. రక్తం చుక్క చూసి పేగు సంగతి చెప్పడమంటే బస్టాండులో నిలబడి ఊరి జనాభా లెక్కగట్టడమే.

పేగుల్లో ఈ ప్రయాణానికి ముఖ్యమైన చోటు చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా ఉండే పేయర్ ప్యాచ్‌లు. 1677లో వీటిని వర్ణించిన స్విస్ వైద్యుడి పేరే వీటికి స్థిరపడింది. మామూలు శోషరస గ్రంథికి సరుకు మోసుకొచ్చే నాళాలుంటాయి. పేయర్ ప్యాచ్‌కు అవి లేవు, బయటికి పోయేవి మాత్రమే ఉన్నాయి. అందుకే పైపొరలోని ఎం కణాలు పేగులోని సూక్ష్మజీవుల్ని నేరుగా లోపలికి లాగి, కింద కాచుకుని, వాటిని లింఫోసైట్లకు చూపించే డెండ్రైటిక్ కణాలకు అందిస్తాయి. టైఫాయిడ్ క్రిమి ఎక్కువగా దూరేదీ ఈ ఎం కణాల గుండానే. చికిత్స అందని టైఫాయిడ్‌లో రెండో, మూడో వారంలో పేగుకు చిల్లు పడేది సరిగ్గా ఈ ప్యాచ్‌లు ఉన్న చోటే.

లింఫోసైట్లు మాత్రం రక్తం వైపు నుంచి వస్తాయి. ప్యాచ్‌లోని ప్రత్యేక సిరల లోపలి గోడ మీద మ్యాడ్‌క్యామ్-1 అనే అణువు ఉంటుంది. లింఫోసైట్ మీద ఉండే ఎల్-సెలెక్టిన్, ఆల్ఫా4బీటా7 అనే అతుకు ప్రొటీన్లు దాన్ని తాకుతాయి. కణం వేగం తగ్గి దొర్లుతుంది, కీమోకైన్ (కణాలకు దారి చూపే రసాయనం) సంకేతం అందగానే గట్టిగా అతుక్కుంటుంది, గోడ దాటి లోపలికి దిగుతుంది. దిగాక యాంటీబాడీలు తయారుచేసే లింఫోసైట్లైన బి కణాల్ని సీఎక్స్‌సీఎల్13 అనే కీమోకైన్ ఫాలికిల్‌లోకి (బి కణాల గుంపులోకి), మరో రకం లింఫోసైట్లైన టి కణాల్ని సీసీఎల్21 అనే కీమోకైన్ ఫాలికిల్‌ల మధ్య ప్రాంతంలోకి లాగుతాయి. బయటికి పంపేది ఎస్1పీ అనే కొవ్వు అణువు. అది రక్తంలో, శోషరసంలో ఎక్కువ, కణజాలంలో తక్కువ. ఆ తేడాను పసిగట్టే గ్రాహకం రక్తంలో ఉండగా కణం లోపలికి పోయి, ప్యాచ్‌లో కొన్ని గంటల్లో మళ్లీ పైన మొలుస్తుంది, అప్పుడు కణం బయటికి నడుస్తుంది. తనకు సరిపోయే యాంటిజెన్ (తాను గుర్తించే క్రిమి భాగం) తగిలిన కణం మాత్రం సీడీ69 అనే ప్రొటీన్‌ను తయారుచేసుకుని ఆ గ్రాహకాన్ని లోపలికి లాగేసుకుంటుంది. అందుకే కొన్ని రోజులు అక్కడే ఉండి విభజన చెందుతుంది.

మా దృష్టిలో అన్నిటికన్నా అద్భుతమైనది ఈ దశే. పేగు డెండ్రైటిక్ కణాలు విటమిన్-ఎను రెటినోయిక్ ఆమ్లంగా మార్చి, విభజన చెందుతున్న కణానికి అందిస్తాయి. దాంతో దాని మీద ఆల్ఫా4బీటా7 పెరుగుతుంది, చిన్నపేగు దారి చూపే సీసీఆర్9 అనే గ్రాహకం వస్తుంది. ఆ కణం పేగుల దగ్గరి మెసెంటరిక్ గ్రంథుల మీదుగా థొరాసిక్ డక్ట్ చేరి, మెడ కింద ఎడమ వైపు సిరలో కలిసి, గుండె దాటి, మళ్లీ పేగు గోడకే వస్తుంది. నోటి ద్వారా టీకా వేసినవారి రక్తంలో యాంటీబాడీ తయారుచేసే ఇలాంటి కణాలు ఏడో రోజు ప్రాంతంలో ఎక్కువగా కనిపించి, తర్వాత మాయమవుతాయి. అవి చనిపోయాయని కాదు, ఎక్కువ భాగం పేగు చేరాయని. రెండు వారాల తర్వాత రక్తం తీస్తే "స్పందన లేదు" అని తప్పుగా తేలుతుంది.

ఐజీఏ సంగతీ అంతే. రక్తంలోని ఐజీఏలో ఎక్కువ భాగం ఎముక మజ్జలో తయారైన ఒంటి అణువు. పేగులోకి రోజూ కొన్ని గ్రాములు స్రవించేది జంట అణువు, పేగు గోడలోని ప్లాస్మా కణాలు తయారుచేసి పంపేది. మొదటిది కొలిచి రెండోదాని గురించి చెప్పలేం.

మందులు వాడేవారికి ఈ గందరగోళం మరీ ప్రమాదం. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుకు ఇచ్చే, ఎస్1పీ గ్రాహకం మీద పనిచేసే ఫింగోలిమాడ్ వాడితే రక్తంలో లింఫోసైట్లు మొదటి సంఖ్యలో 20-30 శాతానికి పడిపోతాయి. కణాలు చావలేదు, గ్రంథుల్లో చిక్కుకున్నాయి. అదే జబ్బుకు ఇచ్చే నాటాలిజుమాబ్ వాడితే ఆ సంఖ్య పెరుగుతుంది, ఎందుకంటే కణాలు రక్తం నుంచి బయటికి దిగలేవు. ఆల్ఫా4బీటా7లోని ఆల్ఫా4 భాగాన్ని అది మెదడు వైపు దారిలో కూడా అడ్డుకుంటుంది కాబట్టే కొందరికి పీఎంఎల్ అనే ప్రాణాంతక మెదడు వ్యాధి వచ్చింది. పేగువాపు జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధులకు 2014లో వచ్చిన వెడోలిజుమాబ్ ఆల్ఫా4బీటా7 జంటనే ఆపుతుంది. 0, 2, 6 వారాల్లో, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి 300 మిల్లీగ్రాములు సిరలోకి ఎక్కిస్తారు. క్రోన్స్‌లో ఫలితం కోసం 14 వారాలు కూడా ఆగాల్సి రావచ్చు. కొత్తగా వచ్చే కణాల్ని ఆపుతుందే తప్ప లోపల చేరినవాటిని తరిమేయదు. మధ్యలో రక్తపరీక్ష అంకెలు చూసి మందు మానేయొద్దు.

ఇంకో హెచ్చరిక హెచ్‌ఐవీది. సోకిన మొదటి కొద్ది వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 అనే రకం టి కణాల్లో అధిక భాగం నశిస్తాయి. రక్తంలో సీడీ4 సంఖ్య అప్పటికి అంతగా తగ్గదు. సీడీ4 ఎంత ఉన్నా నిర్ధారణ కాగానే చికిత్స మొదలుపెట్టాలన్న విధానం 2017లో మన దేశంలో అమల్లోకి రావడాన్ని మేం పూర్తిగా సమర్థిస్తాం.

విటమిన్-ఎ గురించి చదివి ఎవరూ మాత్రలు కొనుక్కోవద్దని మనవి. పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమంలో 9 నెలలకు 1 లక్ష యూనిట్లు, తర్వాత ఐదేళ్ల దాకా విడతకు 2 లక్షల చొప్పున ఇస్తారు. లోపం లేనివారికి అదనంగా ఇస్తే కణాలు అదనంగా పేగు చేరవు, కాలేయం దెబ్బతినొచ్చు.

రక్తపరీక్షలకు విలువ లేదని మేం అనడం లేదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చిన బిడ్డకు, చర్మం మీదో లోపలి అవయవాల్లోనో లోతైన చీముగడ్డలు పదేపదే లేచేవారికి లింఫోసైట్ల ఉపరకాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్లు తప్పక చూడాలి. అది వైద్యుడు అడిగి చేయించాల్సిన పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నవారికి ప్యాకేజీగా అమ్మే ప్రకటనను వేసేటప్పుడు, అది ప్రకటన అని పైన స్పష్టంగా ముద్రించండి. ఆ పరీక్ష దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవలేదో ఒక్క వాక్యమైనా పక్కన ఉండేలా చూడండి.

ఇట్లు,
రోగనిరోధక శాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్