కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం. బతుకమ్మకు లైట్లు, నీళ్ల ట్యాంకర్ ఇచ్చిన దాతలకు, మర్నాడు పొద్దున్నే మైదానం ఊడ్చిన ఆడపడుచులకు, కుర్చీలు మోసిన పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు. నాలా పూడిక తీయమని నాలుగోసారి అర్జీ ఇచ్చాం. 2023 జూలైలో హన్మకొండ ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోవాల్సింది రీడింగ్ రూమ్ కంప్యూటర్ల పని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఉన్న ఆరు కంప్యూటర్లలో ఏదో ఒకటి మొరాయించేది. విండోస్ మళ్లీ ఎక్కించి, తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, ప్రింటర్, స్కానర్ సర్దేసరికి రెండు రోజులు. ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదా అని కొందరన్నారు. ఫైళ్లు దక్కుతాయి, కానీ కంప్యూటర్ లేవదు. విండోస్‌తో సహా డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు కాపీగా, అంటే ఇమేజ్‌గా తీసి దాచుకోవాల్సిందే.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నదానికే మూడు మీటింగులు పట్టాయి. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కు 2024 జనవరి 1తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆరింటికీ డబ్బు కట్టడం మన వల్ల కాదు. తైవాన్ వాళ్ల క్లోన్‌జిల్లా ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, డేటా ఉన్న భాగాన్నే కాపీ చేస్తుంది. అయితే అంతా అక్షరాల తెర. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకో పొరపడితే ఉన్నదీ పోతుందని నాకు ఒకటే టెన్షన్. క్లోన్‌జిల్లా ఇమేజ్‌లను కూడా చదివే రెస్క్యూజిల్లాలో మౌస్‌తో పని అవుతుంది. దాన్నే ఖాయం చేశాం.

జనవరిలో మూడో నంబర్ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పూర్తిగా పోయింది. మర్నాడే పిల్లల దరఖాస్తులకు ఆఖరు తేదీ. షాపతను 480 జీబీ ఎస్‌ఎస్‌డీ చేతిలో పెట్టాడు. పాతది 500. అందులో నిండింది 60 జీబీయే అయినా ఇమేజ్ ఎక్కలేదు, కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నది కాకూడదట! మళ్లీ పరుగెత్తి 512 జీబీది తెస్తే ముప్పావుగంటలో అను ఫాంట్లతో సహా లేచింది. రాత్రి తొమ్మిది దాకా కదలకుండా కూర్చున్న ఇద్దరు డిగ్రీ తమ్ముళ్లకు సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చులు నోటీసు బోర్డు మీద అంటించాం. ఎస్‌ఎస్‌డీ ఖర్చు ‘ఇతరాలు’లో ఉంది.

నెలకో ఆదివారం కొత్త ఇమేజ్ తీయడానికి పన్నెండు మంది పేర్లిచ్చారు. మార్చిలో వచ్చింది నేనూ, తాళంచెవి తెచ్చిన వాచ్‌మనూ. ఇమేజ్‌లున్న బయటి డిస్కు ఇప్పటికీ కింది అంతస్తులోని రీడింగ్ రూమ్ బీరువాలోనే ఉంది. నాలా పొంగితే కంప్యూటర్లతో పాటు అదీ మునుగుతుంది. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లలో ఎవరింట్లో పెట్టుకుంటారో ఈ సమావేశంలోనే చెప్పండి.

కార్యదర్శి