అడగకుండా డ్రైవ్ అక్షరాలు మార్చినందుకు ఫిర్యాదు

సేవా విభాగం మేనేజర్ గారికి,
హనుమకొండ శాఖ.

విషయం: రెండో హార్డ్ డిస్కు అమర్చేటప్పుడు మాకు చెప్పకుండా డ్రైవ్ అక్షరాలు మార్చడం, దానివల్ల మా బ్యాకప్ చెరిగిపోవడం గురించి.

అయ్యా,

హనుమకొండ చౌరస్తా దగ్గర మేము డీటీపీ సెంటర్ నడుపుతున్నాం. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు మా ముఖ్యమైన పనులు. పని ఫైళ్లున్న హార్డ్ డిస్కు పాతబడింది కాబట్టి దానికి తోడుగా ఇంకొకటి అమర్చమని మీ సంస్థను పిలిచాం. మీ టెక్నీషియన్ వచ్చి డిస్కు బిగించి, ఫార్మాట్ చేసి, అంతా సరిగా ఉందని చెప్పి సంతకం తీసుకుని వెళ్లారు.

డిస్కులోని ఒక్కో భాగాన్ని విండోస్ ఒక్కో ఇంగ్లీషు అక్షరంతో గుర్తిస్తుంది, దాన్నే డ్రైవ్ అక్షరం అంటారు. అప్పటిదాకా మా కంప్యూటర్‌లో సి విండోస్‌కు, డి మా పనికి, ఇ పాత పనులకు, ఎఫ్ డీవీడీకి ఉండేవి. బ్యాకప్ తీసే బయటి డిస్కుకు జెడ్ పెట్టుకున్నాం. జి నుంచి వై దాకా అన్నీ ఖాళీ. అయినా మీ టెక్నీషియన్ మా పని డిస్కును జి చేసి, ఖాళీగా ఉన్న కొత్త డిస్కుకు డి ఇచ్చారు. ఆ సంగతి మాకు చెప్పలేదు, రశీదులో రాయలేదు.

మర్నాడు లెక్కలు రాసుకునే ట్యాలీ ప్రోగ్రాములో మా లెక్కలు కనిపించలేదు, ఎందుకంటే డేటా ఉన్న చోటు డి అని అందులో రాసి ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డులు తెరిస్తే వినాయకుడి బొమ్మలు, అంచుల డిజైన్లు ఎక్కడున్నాయో చూపమని ఒక్కొక్కదానికీ అడిగింది. ముహూర్తాల రోజులు, కార్డుల కోసం మనుషులు ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఇంతకన్నా పెద్ద నష్టం ముందురోజు రాత్రే జరిగిపోయింది. దుకాణం మూశాక డి డ్రైవ్ మొత్తాన్ని జెడ్‌లోకి నకలు తీసే రోబోకాపీ ఆదేశం మా కంప్యూటర్‌లో తనంతట తాను నడుస్తుంది. అది మిర్రర్ పద్ధతి, అంటే మూలంలో లేని ఫైలును బ్యాకప్‌లోనూ తొలగిస్తుంది. ఆ రాత్రి దానికి డి అంటే మీరు పెట్టిన ఖాళీ డిస్కు. తెల్లారేసరికి మా బ్యాకప్ కూడా ఖాళీ అయింది. పాత డిస్కు బతికి ఉంది కాబట్టి ఫైళ్లు దక్కాయి. కానీ ఏళ్లు కష్టపడి రాసిన సిద్ధాంత గ్రంథాలు, మా మీద నమ్మకంతో ఇచ్చినవి, మళ్లీ బ్యాకప్ పూర్తయ్యేదాకా ఆ పాతబడిన డిస్కు ఒక్కదాని మీదే నిలిచాయి. ఆ భయం నుంచి బయటపడాలనే మేము మిమ్మల్ని పిలిచింది.

మేము ఫోను చేస్తే మీ కార్యాలయం ఇచ్చిన జవాబు, రెండో డిస్కు పెట్టినప్పుడు విండోస్ తానే అక్షరాలు మారుస్తుందని. ఈ జవాబును నేను ఒప్పుకోను. డాస్, విండోస్ 95, 98 కాలంలో అది నిజమే. రెండో డిస్కులోని ప్రైమరీ (ప్రధాన) భాగం డి అయ్యేది, మొదటి డిస్కులోని లాజికల్ (అదనపు) భాగాలు తర్వాతి అక్షరాలకు జరిగేవి. ఇప్పటి విండోస్ ఏ భాగానికి ఏ అక్షరం ఇచ్చిందో తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసుకుంటుంది. కొత్త డిస్కుకు ఖాళీగా ఉన్న అక్షరం ఇస్తుంది తప్ప మా డిని లాక్కుని ఇవ్వదు. డిస్కులను సర్దడానికి విండోస్‌లో ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎవరైనా కావాలని మార్చాలి. అలా మార్చబోయినప్పుడు, డ్రైవ్ అక్షరాల మీద ఆధారపడే కొన్ని ప్రోగ్రాములు సరిగా నడవకపోవచ్చు, కొనసాగించాలా అని విండోసే అడుగుతుంది. మీ టెక్నీషియన్ ఆ హెచ్చరిక చూసి కూడా అవునని నొక్కారు. ఆ ప్రశ్న మమ్మల్ని అడిగి ఉంటే వద్దనేవాళ్లం.

రెండోసారి వచ్చినప్పుడు ఆయన కొత్త డిస్కుకు వేరే అక్షరం ఇచ్చి, మా పని డిస్కును మళ్లీ డి చేశారు. ఒక్క ఫైలు కూడా కదపకుండానే ట్యాలీ తెరుచుకుంది, బొమ్మలు కనిపించాయి. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తేలిపోయింది. అయినా ఆ రాకకు విడిగా రుసుము తీసుకున్నారు. మీ పనిలోని లోపాన్ని మీరే సరిచేసి మా దగ్గర డబ్బు తీసుకోవడం అన్యాయం.

కాబట్టి రెండోసారి తీసుకున్న రుసుము తిరిగి ఇవ్వండి. విండోస్ మీద నెట్టిన ఆ జవాబును ఉపసంహరించుకుని, జరిగినదాన్ని ఒప్పుకుంటూ లేఖ రాయండి. ఇకపై మీ మనుషులు ఎవరి కంప్యూటర్ విప్పినా, ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోటో తీసి, పని అయ్యాక దానితో పోల్చి చూపాలి. ప్రతి డిస్కుకూ అందులో ఏముందో తెలిసే పేరు పెట్టాలి. కొత్త అక్షరం వద్దనుకునే వారికి, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోని ఖాళీ ఫోల్డరుకే కొత్త డిస్కును కలిపే వీలుందని చెప్పాలి. వరంగల్, కాజీపేటల్లో మాలాంటి చిన్న దుకాణాలకు కంప్యూటర్ విభాగం అంటూ వేరే ఉండదు. మీ మాటే మాకు ఆధారం.

రెండు రశీదుల నకళ్లు, డిస్కుల తెర ఫోటోలు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
హనుమకొండ.