ఆయన నడిపింది ఫార్ములా కారు కాదు

సంపాదక మహాశయా,

పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో, రేసులోనే చనిపోయిన అమెరికా రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ మీద వేసిన పావు పేజీ వ్యాసం చూశాను. ఆ రోజే రాద్దామనుకుని, రాసి ఏం లాభంలే అని ఊరుకున్నాను. కానీ ఉండబట్టడం లేదు.

ముందు ఫోటో సంగతి. ఆయన నడిపింది స్టాక్ కారు. పైకి మామూలు సెడాన్‌లాగే కనిపిస్తుంది, లోపలంతా ఇనుప గొట్టాల చట్రం. మీరు వేసిందేమో చక్రాలు బయటికి పొడుచుకొచ్చిన ఫార్ములా కారు. ఎడ్లబండి గురించి రాసి గుర్రబ్బండి బొమ్మ వేసినట్టుంది. పైగా ఒక్క వ్యాసంలోనే ఆయన పేరు మూడు రకాలుగా రాశారు. ప్రూఫులు చూసేవాళ్లు అసలున్నారా, అందర్నీ ఇంటికి పంపేశారా?

నేను బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఏడాదిలో ఆరు నెలలు నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో మా అబ్బాయి దగ్గరుంటాను. ఎర్న్‌హార్ట్ సొంతూరు కన్నాపొలిస్ మాకు పక్క ఊరే. హైవే మీద 60వ ఎగ్జిట్‌కు ఆయన పేరే పెట్టారు. ఊరి మధ్యలో తొమ్మిదడుగుల కంచు విగ్రహం ఉంది. నేను వెళ్లిన రోజు ఆ విగ్రహం కాళ్ల దగ్గర ఎవరో ఒక స్పార్క్ ప్లగ్ పెట్టి వెళ్లారు. పూలదండ కాదు, వాడేసిన స్పార్క్ ప్లగ్. మొన నల్లగా మాడి ఉంది.

తువ్వాళ్లు, దుప్పట్లు నేసే మిల్లు ఊరది. తండ్రి రాల్ఫ్ కూడా రేసరే. కొడుకు తొమ్మిదో తరగతితో చదువుకు స్వస్తి చెప్పి అదే దారి పట్టాడు. స్టాక్ కార్ల పోటీలు నడిపే సంస్థ నాస్‌కార్. దాని పెద్ద సిరీస్‌లో 1979లో ఉత్తమ కొత్త డ్రైవర్, మరుసటి ఏడాదే చాంపియన్. మొత్తం ఏడుసార్లు చాంపియన్, 76 రేసులు గెలిచాడు. అంతటివాడికి ఆ రేసుల్లోకెల్లా పేరున్న డేటోనా 500 మాత్రం ఇరవయ్యో ప్రయత్నంలో, 1998లో గానీ దక్కలేదు. అంతకుముందు 1990లో గెలుపు చేతిదాకా వచ్చాక, చివరి ల్యాప్‌లో, అంటే ట్రాకు ఆఖరి చుట్టులో, టైరు కోసుకుపోయింది. ఎట్టకేలకు గెలిచిన రోజున మిగతా జట్ల మెకానిక్కులంతా, టైర్లు మార్చడానికి కార్లు ఆగే పిట్ రోడ్డు పొడవునా వరసగా నిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నారు. మీ వ్యాసంలో ఈ ముక్క లేదు. మెకానిక్కుల సంగతి ఎవరిక్కావాలి!

నాకు అసలు ఒళ్లు మండింది ఆయన్ను ‘అతివేగమే బలిగొంది’ అని మీరు రాసిన మాటకు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి ల్యాప్, చివరి మలుపు. ఆ రోజు పక్కనున్నవాళ్లందరిదీ అదే వేగం. కారు గోడకు కొట్టుకుంది. బెల్టులు పట్టేది ఒంటినే, తల ఆగలేదు. పుర్రె అడుగు ఎముక విరిగింది. తలను పట్టి ఉంచే ‘హాన్స్’ అనే పరికరం 1980లలోనే తయారైంది. అంతకుముందు తొమ్మిది నెలల్లోనే ఆడమ్ పెటీ, కెనీ ఇర్విన్, టోనీ రోపర్ అనే ముగ్గురు రేసర్లు తల, మెడ దెబ్బలతోనే పోయారు. అయినా నాస్‌కార్ పెద్దలు దాన్ని డ్రైవర్ల ఇష్టానికే వదిలేశారు. ఎర్న్‌హార్ట్‌కూ అది గిట్టేది కాదు, ఒప్పుకుంటాను. అయితే మాత్రం? బ్రేకు తొక్కడం ఇష్టంలేదన్న డ్రైవర్‌కు మేం బ్రేకుల్లేని బస్సు ఇచ్చి పంపేవాళ్లమా?

ఆయన పోయాకైనా కదిలారా అంటే, రిపోర్టుకే ఆరు నెలలు. అక్టోబరులో మా అబ్బాయి ఇంటి దగ్గరి ట్రాకు మీదే, వేరే రేసులో, బ్లేజ్ అలెగ్జాండర్ అనే పాతికేళ్ల కుర్రాడు పోయాక గానీ తలను పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేయలేదు. ఆ తర్వాత గోడలకు దెబ్బను మింగే ఉక్కు, ఫోమ్ కట్టారు. అప్పట్నుంచి ఎర్న్‌హార్ట్ నడిపిన ఆ పెద్ద సిరీస్ రేసుల్లో ఒక్క డ్రైవరూ చనిపోలేదు. 2020లో అదే డేటోనాలో, అదే చివరి ల్యాప్‌లో ర్యాన్ న్యూమన్ కారు గాల్లోకి లేచి తలకిందులైంది. రెండు రోజులకు ఆయన కూతుళ్ల చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచి వచ్చాడు. మరి వేగం తగ్గించారా?

మన దగ్గరా ఇదే తంతు. ఏ యాక్సిడెంటైనా పోలీసులు ‘అతివేగం’ అంటారు, మీరు అచ్చేస్తారు, ఫైలు మూతపడుతుంది. మా ఊరి హైవే మలుపులో డివైడర్‌కు గండి ఉంది. నలుగురు పోయాక అధికారులు జీపులేసుకుని వచ్చి ఏం చేశారనుకున్నారు? ‘నిదానమే ప్రధానం’ అని బోర్డు పాతారు. గండి అలాగే ఉంది. బోర్డును కూడా మొన్న లారీ గుద్దేసిందట.

సవరణ వేయడం, వేయకపోవడం మీ ఇష్టం. వేస్తే మాత్రం టెండరు ప్రకటనల మధ్య దాచకండి. ఫోటో కూడా మార్చండి: నల్ల షెవర్లే, తలుపు మీద వాలుగా తెల్లటి 3 అంకె. అది దొరక్కపోతే మా మనవడు తీసిన విగ్రహం ఫోటో ఉంది, పంపిస్తాను. స్పార్క్ ప్లగ్ కూడా కనిపిస్తుంది.

– ఒక రిటైర్డ్ మెకానిక్, తాడేపల్లిగూడెం (ప్రస్తుతం కాంకర్డ్, నార్త్ కరోలినా)