కెమెరా కేంద్రం గురించి శీనుకు

శీనూ,

డ్రోన్ సర్వేలో చేరావని తెలిసి ఎంత సంతోషించానో! కోనసీమ వరిపొలాల మీద ఎగరేస్తున్నారన్నావు. మొన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్న ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. డ్రోన్‌లో అంత మంచి జీపీఎస్ ఉంది, లెన్స్ లెక్కలు సాఫ్ట్‌వేరే కట్టుకుంటుంది, మరి కెమెరాను విడిగా క్యాలిబ్రేట్ చేయడం, అంటే దాని లెన్స్ కొలతలను ముందే పరీక్షించి తేల్చుకోవడం దేనికి అన్నావు కదా. చదునైన నేల మీద పనిచేసే నీలాంటి వాడికే అది అందరికన్నా ఎక్కువ అవసరం రా.

ఫొటోల నుంచి నేల కొలతలు తీసే మన పనంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది. నేల మీది చుక్క, లెన్స్ కేంద్రం, ఫొటోలో ఆ చుక్క బొమ్మ, మూడూ ఒకే గీత మీద ఉంటాయి. 1858లో జర్మనీలోని వెట్జ్‌లార్ చర్చి కొలతలు తీస్తూ పైనుంచి పడబోయి బతికిపోయాడు మైడెన్‌బావర్ అనే యువకుడు. ప్రాణాల మీదికి తెచ్చుకునే బదులు ఫొటో తీసి దాన్నే కొలిస్తే సరిపోదా అన్న ఆలోచన అతనికి అప్పుడే వచ్చింది. ఆ ఆలోచన నిలవాలంటే ఫొటోలో కేంద్రం ఎక్కడుందో ముందు తేలాలి.

పాత విమాన కెమెరాల్లో 23 సెంటీమీటర్ల చదరపు ఫిలిం అంచుల్లో ఫిడూషియల్ గుర్తులు, అంటే కెమెరా చట్రం నుంచి ప్రతి ఫొటోలో ఒకే చోట పడే గుర్తులు పడేవి. ఎదురెదురు గుర్తులను కలిపితే మధ్యలో ఒక చుక్క వస్తుంది. లెన్స్ నుంచి నిటారుగా దిగే కిరణం సరిగ్గా అక్కడే పడుతుందన్న హామీ లేదు. అది ఎక్కడ పడుతుందో కనుక్కునే పద్ధతి నాకు మహా ఇష్టం. ఫిలిం ఉండే చోట అద్దపు పలక పెడతారు. ఎదురుగా ఉన్న దూరదర్శిని లోపలి నుంచి వెలుగుతున్న శిలువ గుర్తును దాని మీదికి పంపుతారు. పలకను తాకి వెనక్కి వచ్చిన శిలువ అసలు శిలువ మీద అతుక్కునేదాకా మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతారు. రెండూ ఒకటైతే కిరణం పలకకు లంబంగా ఉన్నట్టు. అది పలకను తాకిన చోటే ప్రధాన బిందువు. గుర్తుల మధ్య చుక్కకూ దానికీ ఉన్న తేడాను మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) రాసి ఇస్తారు.

లెన్స్ లోపల మరో సంగతుంది. అందులో ఉన్న గాజు ముక్కలన్నిటి అక్షాలూ ఒకే వరుసలో ఉండాలి. బిగించేటప్పుడు లెన్స్‌ను గుండ్రంగా తిప్పుతూ, గాజు మీద నుంచి తిరిగివచ్చే కాంతిచుక్కను చూస్తారు. చుక్క కదలకపోతే సరే, చిన్న సున్నా చుట్టిందంటే ఆ ముక్క పక్కకు జరిగినట్టే. ఆ కాస్త జరుగుడు ఫొటోను ఎలా వంకర చేస్తుందో 1919లో కాన్రాడీ అనే లెన్స్ నిపుణుడు చెప్పాడు. 1966లో ఫొటో కొలతల నిపుణుడు డ్వేన్ బ్రౌన్ దాన్ని సర్వే పనికి పనికొచ్చే సూత్రాలుగా మలిచాడు. నీ సాఫ్ట్‌వేర్ వాడేవి ఇంచుమించు అవే.

ఇక నీ డ్రోన్ సంగతి. నాభ్యంతరం, అంటే లెన్స్‌కూ బొమ్మ పడే చోటుకూ మధ్య దూరం, 8.8 మిల్లీమీటర్లు, ఎగిరే ఎత్తు 100 మీటర్లు అనుకుందాం. నాభ్యంతరంలో వెయ్యో వంతు, అంటే 8.8 మైక్రాన్ల తేడా వస్తే నేల ఎత్తు 10 సెంటీమీటర్లు తప్పుతుంది. కాలువ నీళ్లు ఏ మడికి ఎక్కుతాయో చెప్పాల్సిన చోట 10 సెంటీమీటర్లంటే మాటలా! ఈ తప్పును నీ జీపీఎస్ పట్టుకోలేదు. ఒకే ఎత్తున ఎగురుతూ, కెమెరాను నిటారుగా కిందికే చూపిస్తూ, బల్లపరుపు పొలాలను తీస్తే నాభ్యంతరం పెరిగిందో, నేల కిందికి దిగిందో సాఫ్ట్‌వేర్‌కు తేడా తెలియదు. లెన్స్ వంకరను తప్పుగా లెక్కగడితే చదును పొలం మధ్యలో ఉబ్బి గోపురంలా కనిపిస్తుంది. అయినా నివేదికలో అంకెలు ముచ్చటగానే ఉంటాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

అందుకని, ఫోకస్‌ను ఒక చోట ఆపేసి మళ్లీ ముట్టుకోకు. నిలువు వరుసలు అయ్యాక కెమెరాను కొంచెం వాల్చి అడ్డంగా మరి కొన్ని వరుసలు తీయించు, వాటిని వేరే ఎత్తులో ఎగరేస్తే ఇంకా మేలు. కంట్రోల్ పాయింట్లు, అంటే నేల మీద ముందే కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తులు, గట్ల వెంటే కాకుండా మధ్యలో కూడా ఉండాలి. వాటిలో కొన్నిటిని సర్దుబాటు లెక్కలో కలపకుండా పరీక్షకే దాచిపెట్టు. ఆ పాయింట్ల దగ్గర ఎత్తు ఎంత తేడా వచ్చిందో నాకు రాయి, మధ్యవి వేరుగా, అంచువి వేరుగా. రెండిటి తేడా చూస్తే లెన్స్ మాట తేలిపోతుంది.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి