తెర పెడితే టీచరు అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ చదువుల మీద మీ పత్రికలో వ్యాసం వచ్చి చాలా రోజులైంది. ఎవరైనా టీచరు జవాబు రాస్తారని ఎదురుచూశాను. వచ్చినవన్నీ మెచ్చుకోలు ఉత్తరాలే. అందుకే ఆలస్యమైనా రాస్తున్నాను. మంచి వీడియోలు, మంచి నెట్ ఉంటే ఇక తరగతి గదులతో పని లేదని ఆ వ్యాసం తేల్చేసింది. ఇన్నేళ్లూ లెక్కలు చెప్పి రిటైరైన నాకు అది చదివితే ఒళ్లు మండింది.

ఈ జోస్యం కొత్తదేమీ కాదు. బడుల్లో పుస్తకాల పని త్వరలోనే అయిపోతుందని, ఇక సినిమాలతోనే చదువు చెప్పేయవచ్చని 1913లోనే థామస్ ఎడిసన్ అన్నాడు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది. అప్పుడూ ఇవే మాటలు. 2012 ప్రాంతంలో పెద్ద పెద్ద యూనివర్సిటీల కోర్సులు ఉచితంగా నెట్‌లోకి వచ్చేసరికి ఇక కాలేజీలు మూతపడతాయన్నంత హడావిడి చేశారు. లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చాలా కోర్సుల్లో చివరిదాకా చదివినవాళ్లు నూటికి పది మంది కూడా లేరు. వాళ్లంతా సోమరిపోతులని నేను అనుకోను. అర్థం కాని చోట ఆపి అడగడానికి ఎదురుగా మనిషి లేడు. రెండు పాఠాలు మానేస్తే ఎందుకు రాలేదని అడిగే దిక్కూ లేదు.

క్లాసులో ఏం జరుగుతుందో ఆ వ్యాసకర్త ఈ మధ్య ఎప్పుడైనా వెనక బెంచీలో కూర్చుని చూశారా? "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది" అంటుంది. కాస్త అనుభవం ఉన్న టీచరెవరూ ఆ మాట నమ్మరు. ముఖాలు చూస్తారు. రాస్తూ రాస్తూ ఆగిపోయిన చెయ్యి, పక్కవాడి నోట్సులోకి పోయిన చూపు, అవసరం లేకుండా ఊపిన తల, ఇవన్నీ కనిపిస్తాయి. సగానికి మూడో వంతు కలపమంటే ఒక పిల్లవాడు 2/5 అని రాస్తాడు. పైవీ పైవీ, కిందివీ కిందివీ కలిపేశాడన్నమాట. చాలా యాప్‌లలో అయితే ఎర్ర రంగులో 'తప్పు' అని పడుతుంది, సరైన జవాబు 5/6 అని కనిపిస్తుంది, పిల్లవాడు తర్వాతి ప్రశ్నకు పోతాడు. టీచరైతే పక్కన నిలబడి "2/5 సగం కంటే పెద్దదా, చిన్నదా?" అని అడుగుతుంది. సగానికి ఇంకా కలిపితే సగం కంటే తగ్గిందేమిటని వాడే ఆగి ఆలోచిస్తాడు. ఆ ప్రశ్న చెవిన పడి ఇంకో నలుగురు తమ నోట్సు కూడా వెనక్కి తిప్పి చూసుకుంటారు. వాళ్ల తప్పు ఎవరూ ఎత్తి చూపలేదు, అయినా దిద్దుకున్నారు. ఇది జరిగేది అందరూ ఒకచోట కూర్చున్నందువల్లే.

ఆన్‌లైన్ క్లాసులో టీచరుకు కనిపించేది పేర్ల వరుస. కెమెరాలు ఆఫ్, మైకులు మ్యూట్. హాజరు మాత్రం నిండుగా ఉంటుంది. వింటున్నది ఎవరో, లాగిన్ అయ్యి ఫోను పక్కన పడేసింది ఎవరో ఎలా తెలియాలి? 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువు ఆగినప్పుడు ఇదంతా కళ్లారా చూశాం. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదని ఆ ఏడాదే యూనిసెఫ్ చెప్పింది. ఒక్క ఫోను ఉన్న ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పాఠం ఎవరు వినాలి? చాలా ఇళ్లలో ముందు మానేసింది ఆడపిల్లే అని మళ్లీ మళ్లీ విన్నాను. మీ వ్యాసంలో వీళ్ల ప్రస్తావన ఒక్క వాక్యం లేదు.

కంప్యూటర్ వద్దని నేను అనడం లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో, గ్రహాలు ఎలా తిరుగుతాయో సుద్దముక్కతో చూపించడం కష్టం. తెర మీద చక్కగా చూపించవచ్చు. ఢిల్లీలో బడి వదిలాక నడిచే కేంద్రాల్లో ఒక కంప్యూటర్ కార్యక్రమంతో పిల్లలు లెక్కల్లో, హిందీలో బాగా మెరుగుపడ్డారని 2019లో అచ్చైన పరిశోధన ఒకటి ఉంది. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా, వాడికి ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టారు. అక్కడ కూడా సగం సమయమే కంప్యూటర్ దగ్గర. మిగతా సగం పిల్లలను చిన్న గుంపుగా కూర్చోబెట్టుకుని మనిషే చెప్పారు. ఇలాంటి పని ఎక్కడ జరిగినా చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ జరుగుతున్నది వేరు. యంత్రాలు కొని పంచేస్తే చదువు దానంతటదే వస్తుందనుకుంటున్నారు. పెరూ దేశంలో పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 పల్లె బడుల్లో పరిశీలించి 2012లో నివేదిక ఇస్తే, లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదని తేలింది. బడుల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని 2015లో ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి చెప్పింది. అన్నీ తెరల మీదికి ఎక్కించిన స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలకు, చేతిరాతకు డబ్బు కేటాయించింది. ఇవేవీ రహస్యాలు కావు. చదివే ఓపిక మన అధికారులకు లేదంతే.

కంప్యూటర్ ల్యాబుకు రిబ్బన్ కత్తిరించే రోజున అందరూ వస్తారు. మౌస్ పాడైన రోజున ఎవరూ రారు. బాగు చేయించడానికి నిధులుండవు, ఏ వస్తువైనా పోతే జవాబు చెప్పాల్సి వస్తుందని ల్యాబుకు తాళం వేస్తారు. శిక్షణ అంటే ఒక రోజు మీటింగ్, ప్రొజెక్టర్ మీద స్లయిడ్లు, చివర సంతకాలు. ఇంకా బాధాకరమైన సంగతేమిటంటే, టీచరు చేతికి వచ్చిన యంత్రం పాఠానికి ఉపయోగపడింది తక్కువ, రిపోర్టులకు ఎక్కువ. హాజరు ఫొటో ఎక్కించు, ఈ ఫారం నింపు, ఆ యాప్‌లో అప్‌డేట్ చెయ్యి. పీరియడ్ మొదలయ్యాక సర్వర్ కోసం ఎదురుచూస్తూ నిలబడిన టీచర్లు నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో 2/5 రాసిన పిల్లవాడి దగ్గరికి ఎవరు వెళతారు?

ఆ వ్యాసంలో కంపెనీల వాళ్ల మాటలున్నాయి, అధికారుల మాటలున్నాయి. ప్రస్తుతం క్లాసుకు వెళ్లి పాఠం చెబుతున్న ఒక్క టీచరు మాట లేదు. దయచేసి ఈసారి వాళ్లను అడగండి. టీచరు పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, కొన్న కంప్యూటర్లలో ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయో అధికారుల దగ్గర లెక్క తీసుకుని, ఆ రెండు అంకెలూ మీ పత్రికలో పక్కపక్కన అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు