నువ్వు ఎత్తని ఫోనుకు బదులు

ధర్మాబాద్,
ఆదివారం పొద్దున.

చిరంజీవి చిన్నికి బాపు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటున్నాం. అనుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేదు. పదిహేడు రోజులైంది నువ్వు ఫోను ఎత్తక. మీ అమ్మకు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఒక దండం బొమ్మ పంపుతున్నావట. దండం బొమ్మ చూసి మనిషి అన్నం తిన్నదో లేదో ఎట్లా తెలుస్తుంది? నేను పదకొండు సార్లు చేశాను. సరే, ఆఫీసులో పని ఉంటుంది. దాని గురించి కాదు ఈ ఉత్తరం. ఊరికే, రాసి చాలా రోజులైందని రాస్తున్నాను.

మిర్చి సీజను నడుస్తోంది. మార్కెట్ యార్డు వైపు గాలి తిరిగితే ఇంట్లో కూర్చున్నా తుమ్ములు. మీ అమ్మ మోకాలు అట్లనే ఉంది, డాక్టర్ మెట్లు ఎక్కవద్దన్నాడు, ఈమె రోజుకు నాలుగు సార్లు మిద్దె ఎక్కి మిరపకాయలు తిరగేసి వస్తుంది. వేప చెట్టు కొమ్మ ఒకటి విరిగి సరిగ్గా నీ పాత సైకిల్ మీద పడింది. సైకిల్‌కు ఏం కాలేదు.

మొన్న కుండల్‌వాడి అత్త వచ్చింది. చింతకాయ తొక్కు ఇచ్చిపోదామని వచ్చానంది. సంవత్సరం నుంచి రానిది తొక్కు కోసం వస్తుందా? చాయ్ సగం తాగి, "మన చిన్ని గ్రౌండులో ఏడ్చిందట కదా వదినా" అన్నది. ఆమె చెప్పిన లెక్కలో పిల్లలు నిన్ను చుట్టుముట్టారు. బిలోలి నుంచి మామ ఫోను చేసి అడిగేసరికి పోలీసులు కూడా వచ్చారు. ఇంకో వారం ఆగితే మిలిటరీ దిగేది. చివరికి అత్త కొడుకే, నువ్వు అంపైరుగా నిలబడ్డ ఆ బేస్‌బాల్ మ్యాచ్ వీడియో పంపాడు. నలభై సెకన్లు. ఎన్నిసార్లు చూశానో చెప్పను, మీ అమ్మ ఫోను చార్జింగ్ మాత్రం అయిపోయింది.

అందులో నువ్వు ఏడవలేదు. అది ముందు రాస్తున్నాను. టోపీ సరిచేసుకున్నావు, అంతే. కానీ ఆ రోజు నుంచి మాస్కు, షిన్ గార్డులు సంచిలో కట్టి అటక మీద పడేశావని నీ రూములో ఉండే పిల్ల మీ అమ్మకు చెప్పింది. తర్వాతి ఆదివారం మ్యాచ్‌కు రానని కబురు కూడా పంపావట. నీ ఇష్టం. నేనేమీ అనను.

అయితే వీడియో గురించి ఒక్క మాట. బేసుల మీద, అంటే పరుగెత్తేవాళ్ళు తాకాల్సిన గుర్తుల మీద, అప్పటికి రన్నర్లు లేరు. నువ్వు మొదట నిలబడ్డ చోటు సరైనదే, ఫస్ట్ బేస్ ఆటగాడి వెనక, గీతకు బయట. బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఆటగాడు) వైపు దొర్లగానే గీత దాటి లోపలికి వచ్చావు, అదీ మంచిదే. బంతి వచ్చే దారికి అడ్డంగా, మూలమట్టం పెట్టినట్టు నిలబడితేనే కదా కోణం దొరికేది. కానీ వచ్చి వచ్చి బేస్ మీదికే వచ్చేశావు తల్లీ! నీకూ బేస్‌కూ మధ్య ఏడెనిమిది అడుగులు కూడా లేవు. ఫోర్స్ ఔట్‌కు (రన్నర్‌ను ముట్టకుండా, బంతి పట్టి బేస్ తాకితే వచ్చే ఔట్) 15 నుంచి 18 అడుగుల దూరం కావాలని నాకు చెప్పింది నువ్వే. దగ్గరికి పోతే బాగా కనిపిస్తుందనుకుంటాం. సినిమా హాల్లో నేల టికెట్టు కొని తెర ముందు కూర్చుంటే హీరో ముక్కు కనిపిస్తుంది గానీ సినిమా ఎక్కడ కనిపిస్తుంది? కాలు బేస్‌ను తాకడం కంటితో చూడాలి, బంతి గ్లౌజులో పడ్డ చప్పుడు చెవితో వినాలి. అంత దగ్గర నిలబడితే కన్ను అటూ ఇటూ కొట్టుకుంటుంది.

చప్పుడు వినిపించింది, ఔట్ అని నీ చెయ్యి లేచింది. బంతి ఇంకా నిలవలేదు. ఆ పిల్లగాడు గ్లౌజులోంచి జార్చి ఛాతీకి అదుముకున్నాడు. ఆ లోపల బంతి కొట్టి పరుగెత్తినవాడు బేస్ దాటిపోయాడు. చప్పుడయ్యాక ఒక్క క్షణం గ్లౌజు వైపు చూసి ఉంటే సరిపోయేది. బ్యాటు పట్టినవాడు నిలబడే ప్లేట్ వెనక ఉన్నప్పుడు ఆ క్షణం నీకు ఎప్పుడూ ఉంటుంది. బంతి క్యాచర్ చేతిలో పడ్డాక, మనసులో ఒకసారి మళ్ళీ చూసుకుని, అప్పుడు స్ట్రైక్ (కొట్టగల చోటికే వచ్చిన బంతి) అంటావు. నేనే చూశాను కదా, పోయిన ఏడు నాందేడ్‌లో. బేస్ దగ్గర ఏమైంది మరి?

ఇంకోటి. ప్లేట్ దగ్గరి అంపైర్ మాస్కు చేత పట్టుకుని గీత వెంట సగం దూరం పరుగెత్తుకొచ్చాడు, వీడియో చివర్లో మూలకు కనిపిస్తాడు. రన్నర్లు లేనప్పుడు ఆయన రావలసిందే. ఎందుకొస్తాడు? కాలు బేస్ మీద నుంచి లేచిందా, బంతి జారిందా, నీకు కనిపించనిది ఆయనకు కనిపించవచ్చని. నువ్వు అడగనిదే ఆయన నోరు విప్పకూడదు, అది రూలు. కోచ్ వచ్చినప్పుడు నువ్వు వాదించలేదు, చేతులు వెనక పెట్టుకుని విన్నావు, చాలా బాగుంది. కానీ తర్వాతి బంతి వేయక ముందే ఆ ప్లేట్ అంపైర్‌ను పక్కకు పిలిచి ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడిగితే చిన్నతనం అనుకున్నావు. ఆ గుణం మీ అమ్మ వైపు నుంచి రాలేదు. ఎటు నుంచి వచ్చిందో నాకు తెలుసు.

లెక్చర్ ఇవ్వవద్దని మీ అమ్మ ముందే చెప్పింది. ఇవ్వడం లేదు. నీళ్ళు తాగుతున్నావా? ఎండలు ముదిరాయి. ఔరంగాబాద్‌లో (పేరు మారింది గానీ నా నోరు ఇంకా మారలేదు) మనకంటే తక్కువే అంటారు, నేను నమ్మను.

మిర్చి కొట్టు పోశవ్వ నీకు గుర్తుందా? చిన్నప్పుడు నీకు బెల్లం ముక్క పెట్టేది. ఆమె నన్ను ఎప్పుడు చూసినా త్రాసు పైకెత్తి "ఔటా, సేఫా సారూ?" అని ఎందుకు అంటుందో నువ్వు అడిగేదానివి, నేను మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు చెప్తాను.

నీవు పుట్టక ముందు సంగతి. 1996. తాలూకా ఆడపిల్లల సాఫ్ట్‌బాల్. అప్పట్లో ఇద్దరు అంపైర్లు అనేది కాగితం మీద మాటే. నేనొక్కణ్ణే ప్లేట్ వెనక, మొత్తం గ్రౌండు నాదే. మా సాఫ్ట్‌బాల్‌లో బేసుల మధ్య 60 అడుగులే, మీ బేస్‌బాల్ లాగా 90 కాదు, అంతా కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఒక పల్లె జట్టు వచ్చింది. బూట్లు లేవు. ఆరో ఇన్నింగ్సులో ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు, సెకండ్ బేస్ మీద ఒక సన్నటి పిల్ల. బంతి కుడి వైపు ఫీల్డులోకి కొట్టారు. ఈ పిల్ల థర్డ్ బేస్ చుట్టి ఇంటికి, అంటే ప్లేట్ దగ్గరికి, పరుగు. అక్కడ నుంచి విసురు వచ్చింది. క్యాచర్ ఒడ్డూ పొడుగూ ఉన్న అమ్మాయి. నేను సరిగ్గా ఆమె వీపు వెనక, గుంజకు కట్టేసినట్టు నిలబడ్డాను. నాకు కనిపించింది వీపు, దుమ్ము. గ్లౌజు ఊగింది, పిల్ల జారుతూ వచ్చి పడింది, నేను ఔట్ అని చెయ్యి ఎత్తేశాను.

చెయ్యి పైన ఉండగానే చూశాను. క్యాచర్ కాళ్ళ మధ్య నుంచి బంతి మెల్లగా దొర్లుకుంటూ నా బూటు దగ్గరికి వచ్చి ఆగింది.

ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే గ్లౌజుకూ పిల్ల కాలికీ మధ్య సందు కనిపించేది. జరగకపోయినా, చెయ్యి ఎత్తే ముందు బంతి ఎక్కడుందో చూసి ఉంటే సరిపోయేది. చూశాకైనా చెయ్యి దించి "తప్పయింది, బంతి జారింది, సేఫ్" అనవచ్చు. అనలేదు. చుట్టూ మూడు బడుల పిల్లలు, నా పక్కనే ఊరి పెద్దమనుషులు. డ్రిల్ సారు మాట వెనక్కి తీసుకుంటాడా? పిల్ల లేచి మోకాళ్ళ రక్తం పరికిణీకి తుడుచుకుని, నా మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాతి ఇన్నింగ్సులో ఆ పల్లె జట్టు బంతి వేస్తుంటే నా మనసు లోపల దొలిచేస్తోంది. మోకాలి కింద పడ్డ బంతిని స్ట్రైక్ అన్నాను. ప్లేట్‌కు జానెడు పక్కన పోయినదాన్నీ అన్నాను. వాళ్ళ బాకీ తీరుస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అవతలి జట్టు పిల్ల ఒకతె బ్యాటు కింద పెట్టి కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఆమె ఏం తప్పు చేసింది? అయినా పల్లె జట్టు అదే ఒక్క పరుగుతో ఓడిపోయింది.

ఆట అయ్యాక ఆ పల్లె జట్టు మాస్టారు నా దగ్గరికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు. తిడతాడనుకున్నాను. చెయ్యి కలిపి, మెల్లగా అన్నాడు: "సార్, మొదటిది మీకు కనిపించలేదు, దానికేం చేస్తాం. రెండోది కనిపించే చేశారు."

ఆ తర్వాత రెండు నెలలు నేను విజిల్ ముట్టలేదు. బజారుకు చుట్టు తిరిగి వెనక సందు నుంచి పోయేవాణ్ణి. మీ నాయనమ్మ అడిగితే కాలు నొప్పి అన్నాను. ఆ పిల్లే పోశవ్వ. పెళ్ళయి మన ఊరికే వచ్చింది, నా ఖర్మ. మొదటి సారి కొట్టులో చూసినప్పుడు వెనక్కి తిరిగి పోబోయాను. "సారూ, మిర్చి తీసుకోరా?" అని పిలిచింది. ఆ రోజే అడిగింది ఆ ఔటా సేఫా మాట. సేఫే అన్నాను. "నాకు అప్పుడే తెలుసు" అని ఇంకో గుప్పెడు ఎక్కువేసింది. ఆ రోజు నుంచి ముందు సందులోనే పోతున్నాను.

నువ్వు చెప్పిన ఆ అమెరికా అంపైర్ కథ నేను మరిచిపోలేదు. జిమ్ జాయిస్. 2010 జూన్ 2, డెట్రాయిట్. గలరాగా అనే కుర్రవాడు వరసగా 26 మందిని ఔట్ చేశాడు, ఇంకొక్కడు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్కణ్ణీ బేస్ ఎక్కనివ్వని ఆట. ఫస్ట్ బేస్ దగ్గర స్పష్టంగా ఔటైనవాణ్ణి జాయిస్ సేఫ్ అన్నాడు. ఆట అయ్యాక వీడియో చూసుకుని, తప్పు నాదే అని ఏడుస్తూ ఒప్పుకున్నాడు. ఆ నిర్ణయాన్ని మాత్రం ఎవరూ మార్చలేదు, ఔటా సేఫా అన్నదానికి వాళ్ళు రీప్లే పెట్టింది 2014లో కదా. నువ్వు వేప చెట్టు కింద కూర్చుని ఈ కథ చెప్పినప్పుడు మీ అమ్మ అడిగింది, "తర్వాతి రోజు ఆయన ఏం చేశాడే?" అని. ప్లేట్ వెనక నిలబడ్డాడమ్మా, జట్ల కాగితం ఆయన చేతికి తెచ్చి ఇచ్చింది ఆ గలరాగానే అని నువ్వే చెప్పావు. నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. బంతి గీత దగ్గర పడ్డప్పుడు ఫౌల్ (గీతకు బయట) అయితే గట్టిగా అరవాలి, ఫెయిర్ (లోపల) అయితే నోరు తెరవకుండా చెయ్యి మాత్రం చూపించాలి అని నాకు నేర్పావు. ఎందుకూ అంటే, ఫౌల్ అని అరిచాక ఆట ఆగిపోతుంది, ఆ మాట మళ్ళీ మింగలేం అన్నావు. పదిహేడు రోజుల కింద, ఆ నిజామాబాద్ సంబంధం వాళ్ళు వచ్చిపోయిన సాయంత్రం, ఫోనులో నేను అరిచాను. ఎండలో మొగపిల్లల మధ్య ఆ పని నీకెందుకు అన్నాను, ఇంకా ఏవో అన్నాను. నీ మ్యాచ్ అంతకు ముందు రోజే అయిందని, నీ మనసు అప్పటికే బాగా లేదని నాకు తెలియదు. బంతి ఎక్కడుందో చూడకుండానే అరిచాను. ఆ నిజామాబాద్ వాళ్ళకు జవాబు చెప్పేశాను, ఆ సంగతి వదిలెయ్.

సరే. శుక్రవారం రైల్వే మామ కొడుకు దేవగిరి రైల్లో వస్తున్నాడు. వాడి చేత డబ్బా పంపుతున్నాను. కారం రెండు కిలోలు, పోశవ్వ దగ్గరిదే. అర కిలో తను ఊరికే వేసింది, "అంపైరమ్మకు" అని. అత్త తొక్కు, జొన్న పిండి, మోకాళ్ళకు అని మీ అమ్మ కాచిన నూనె. నీ మోకాళ్ళకు, ఆమెవి కావు. ప్లేట్ వెనక వంగి నిలబడేది నువ్వే కదా. మాస్కు కింద గొంతు దగ్గర వేలాడే ఆ పలక పోయిన సారి వదులుగా ఉంది, తాడు మార్చుకో. ఫౌల్ టిప్ (బ్యాటుకు రాసుకుని వెనక్కి వచ్చే బంతి) కంఠానికి తగిలితే ఏమవుతుందో తెలుసా? మాస్కు లోపలి మెత్తలు ఉతికి ఎండలో వెయ్, అటక మీద దుమ్ము పట్టి ఉంటాయి.

డబ్బా మూత సరిగ్గా పడదు, పైన గుడ్డ బిగించి కట్టాను. విప్పిన చెయ్యి కళ్ళకు పెట్టుకోకు. స్టేషన్‌కు ముందే పోయి నిలబడు, వాడు నిద్రపోతు, బోగీ దిగకుండా మన్మాడ్ దాకా పోయినా పోతాడు. డబ్బా అందాక నువ్వు మాట్లాడాల్సిన పని లేదు. ఒక మిస్డ్ కాల్ ఇవ్వు, నేనే చేస్తాను.

మీ బాపు

మీ అమ్మ పక్కన కూర్చుని ఇంకొక్క మాట రాయమంటోంది: తలకు నూనె పెట్టుకుని టోపీ పెట్టుకోవద్దట, జుట్టు ఊడుతుందట.